సెంటినెల్ ద్వీపం వాళ్లకు ఆస్పత్రి, బడి ఎందుకు పెట్టరు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ ద్వీపం వాళ్లను ప్రభుత్వం అడవిలో జూలో జంతువుల్లా అలా ఎందుకు వదిలేసింది, మందులు, చదువు, కరెంటు మనకు మాత్రమే ఉండి వాళ్లకు లేకపోవడం అన్యాయం కదా, జనజీవన స్రవంతిలో కలిపేయొచ్చు కదా అని. చివర్లో, డిసెంబర్‌లో కుటుంబంతో అండమాన్ వెళ్తున్నామని, బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో జరావా అనే అడవి తెగవాళ్లు కనిపిస్తారట, నిజమేనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. సెంటినెల్ వాళ్ల దగ్గరికి మనం వెళ్లకూడదు. వాళ్ల అడవి, చుట్టూ ఉన్న సముద్రం ఎవరూ ముట్టకుండా చూడాలి. వాళ్లంతట వాళ్లు బయటికి వచ్చిన రోజున ఆదుకోవడానికి మాత్రం మనం ముందే సిద్ధంగా ఉండాలి. ఈ మూడో మాట చాలామంది మర్చిపోతారు. వదిలేయడం వేరు, దూరంగా ఉండి కాపాడటం వేరు. రెండోదానికి ఖర్చు, మనుషులు, ఓపిక అన్నీ కావాలి.

నా గురించి రెండు ముక్కలు. సొంతూరు టెక్కలి దగ్గర. మా నాన్న రోజుల్లోనే పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) వెళ్లిపోయాం. జంగ్లీఘాట్‌లో తిరిగితే మన శ్రీకాకుళం, విశాఖ యాసలే వినిపిస్తాయి, అక్కడ తెలుగువాళ్లు అంతమంది. నేను ఆరోగ్య శాఖలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం జరావా రోగులు వచ్చే ఆస్పత్రుల్లోనే గడిచింది. సెంటినెల్ మీద నేనెప్పుడూ కాలు పెట్టలేదు. అందుకే ఇక్కడ జరావాల సంగతే ఎక్కువ చెప్తాను, సెంటినెల్ గురించి మనం తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ వాళ్ల దగ్గర నేర్చుకున్నవే.

ముందు జబ్బుల సంగతి. జలుబు, ఫ్లూ, తట్టు మనకు తరతరాలుగా వస్తూ పోతూ ఉన్నాయి కాబట్టి ఊరంతా ఒకేసారి మంచాన పడదు. కొందరికి ఇదివరకే వచ్చి ఉంటుంది, కొందరు టీకా వేసుకుని ఉంటారు. ఎవరితోనూ కలవని చిన్న గుంపులో అలా కాదు. పిల్లాడి నుంచి ముసలాయన దాకా అందరికీ ఆ జబ్బు కొత్తే. అందరూ ఒకేసారి పడిపోతే వేటకెళ్లేవాడు, నీళ్లు తెచ్చేవాడు, చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఎవరూ మిగలరు. చాలాచోట్ల సగం ప్రాణాలు తీసేది జబ్బయితే, మిగతా సగం ఆ వారం పది రోజుల ఆకలి, దాహం.

ఇది ఊహించి చెప్తున్నది కాదు, అండమాన్‌లోనే జరిగింది. 1858లో ఇంగ్లిష్ వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల కాలనీ పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులనే తెగవాళ్లు వేలల్లో ఉండేవారు. వాళ్లను ‘మచ్చిక’ చేసుకోవడానికి అండమాన్ హోమ్స్ అని కట్టి తిండి, బట్ట, బడి అన్నీ పెట్టారు. మీరు ఇప్పుడు అడుగుతున్నవన్నీ పెట్టారన్నమాట. సిఫిలిస్ పాకింది. 1877లో తట్టు ఊడ్చేసింది. 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది మిగిలారు, 1961కి 19 మంది. తర్వాత వాళ్లను స్ట్రెయిట్ ఐలండ్‌కు చేర్చారు. 2011 లెక్కల్లో 44 మంది కనిపిస్తారు కానీ ఇంట్లో మాట్లాడేది హిందీ. బో భాష మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అనే పెద్దావిడ, 2010 జనవరిలో పోయారు.

సెంటినెల్ వాళ్లకూ ఈ రుచి ఒకసారి చూపించారు. 1880లో పోర్ట్‌మన్ అనే ఇంగ్లిష్ అధికారి ఆ ద్వీపంలో దిగి ఓ ముసలి జంటను, నలుగురు పిల్లలను పట్టుకుని పోర్ట్‌బ్లెయిర్ తెచ్చాడు. అందరికీ జబ్బు చేసింది. ముసలివాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లలను కానుకలతో సహా తిరిగి దింపేశారు. ఆ పిల్లలు తమతో ఏ జబ్బు తీసుకెళ్లారో, అది ఎంతమందిని బలిగొందో ఎవరూ చూడలేదు. బాణాలతో ఎందుకు తరుముతారు, అంత కోపం దేనికి అని అడిగేవాళ్లకు నేను ఈ కథే చెప్తాను.

ఓంగీలనే మరో తెగ సంగతి ఇంకో రకం. వాళ్లది లిటిల్ అండమాన్. 1901లో 672 మంది, 2011లో 101. ద్వీపంలో బయటివాళ్లకు భూములిచ్చి, కలప కొట్టి, పామాయిల్ తోటలు వేసి, ఓంగీలను డుగాంగ్ క్రీక్ లాంటి రెండు చోట్ల ఇళ్లు కట్టి కూర్చోబెట్టారు. రేషన్ బియ్యం, పప్పు వచ్చాయి, వేట తగ్గింది. 2008 డిసెంబర్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బాలో ఏదో ద్రవం ఉంటే సారా అనుకుని తాగి ఎనిమిది మంది పోయారు. ఉన్నదే వంద మంది. అందులో ఎనిమిది మంది మగాళ్లంటే ఆ తెగకు ఎంత దెబ్బో మీరే లెక్కేసుకోండి.

ఇక జరావాలు. వీళ్లది దక్షిణ, మధ్య అండమాన్ పడమటి ఒడ్డు, సుమారు 1,028 చదరపు కిలోమీటర్ల రిజర్వు. ఒకప్పుడు మనవాళ్లను చూస్తే బాణం వేసేవాళ్లు. 1996లో కాలు విరిగి పడి ఉన్న ఓ జరావా కుర్రాణ్ని ఊరివాళ్లు పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి చేర్చారు. నెలల తరబడి ఉండి, కాలు బాగై, తిరిగి అడవిలోకి వెళ్లాడు. 1997 అక్టోబర్ నుంచి జరావాలు విల్లంబులు లేకుండా ఊళ్ల అంచులకు రావడం మొదలుపెట్టారు. కుర్రాడు వెళ్లి చెప్పినందుకే వచ్చారని కొందరు, అడవిలో పందులు, చేపలు దొంగ వేటగాళ్ల పాలై తిండి తగ్గి వచ్చారని కొందరు అంటారు. నాకైతే రెండోదే బలమైన కారణం అనిపిస్తుంది, ఎందుకంటే వచ్చినవాళ్లు ముందు అడిగేది అరటిపళ్లు, కొబ్బరికాయలే.

1999లో తట్టు వచ్చింది. తట్టు వెనకే న్యుమోనియా. అడవిలో ఉన్న కుటుంబాలను వెతికి తెచ్చి విడి వార్డులో పెట్టాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆస్పత్రి మొహం చూడనివాళ్లు వాళ్లు. ఒక్క బిడ్డకు జబ్బు చేస్తే కుటుంబం మొత్తం వచ్చేది. మంచాలు పక్కకు జరిపి నేల మీదే పడుకునేవాళ్లు. పైన ఫ్యాను తిరుగుతుంటే దాని కిందికి వచ్చేవాళ్లు కాదు. పప్పన్నం పెడితే వాసన చూసి పక్కన పెట్టేసేవాళ్లు, పంది మాంసం ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి ఇస్తే తినేవాళ్లు. ఓ తల్లి బిడ్డకు మందు తాగించే ముందు ప్రతిసారీ ఆ సీసాలోది నన్ను నాలుక మీద వేసుకోమని సైగ చేసేది. నేను వేసుకున్నాకే బిడ్డకు పట్టేది. మంచి పద్ధతే అనుకున్నాను, మన ఊళ్లలో ఎవరూ అంత జాగ్రత్తగా మందు తీసుకోరు.

కానీ వార్డులో జబ్బు తగ్గడంతో పాటు ఇంకోటి జరిగేది. బాగై వెళ్లేసరికి పిల్లలకు బిస్కెట్ అలవాటు, మగవాళ్లకు ఖైనీ అలవాటు. ఆయాలు జాలిపడి పాత బట్టలు ఇచ్చేవాళ్లు. ఆ బట్టలు వానకు తడిసి ఒంటి మీదే ఆరేవి, చర్మానికి గజ్జి, తామర పట్టేవి. ఉతకడం, మార్చడం, ఆరేయడం తెలిస్తేనే బట్ట సుఖం. అందుకే తర్వాత్తర్వాత పద్ధతి మార్చుకున్నాం. చిన్న జబ్బయితే మందుల పెట్టె పట్టుకుని మేమే వాళ్ల మకాం దగ్గరికి వెళ్లడం, మాలో ఎవరికైనా దగ్గు, జలుబు ఉంటే ఆ రోజు వెళ్లకపోవడం, ఆస్పత్రికి తెచ్చినా వీలైనంత త్వరగా పంపేయడం. 2004లో వచ్చిన జరావా విధానం చెప్పేది కూడా దాదాపు ఇదే: వాళ్ల మీద ఏదీ రుద్దొద్దు, వేగం వాళ్లనే తేల్చుకోనివ్వండి.

ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. జరావాల సంఖ్య 2001లో 240, 2011లో 380. పెరిగింది. ‘చూశారా, కలిస్తే మంచే జరిగింది’ అని వాదించేవాళ్లు ఈ అంకెనే చూపిస్తారు. మందులు పనిచేశాయి, కాదనను. అయితే అదే వైద్యం, ఇంకా చాలా ముందునుంచీ, ఓంగీలకూ గ్రేట్ అండమానీయులకూ అందింది. వాళ్లకు ఎందుకు కలిసిరాలేదు? జరావాల దగ్గర అడవి మిగిలి ఉంది. ఇంటిల్లిపాదీ పందిని, చేపను, తేనెను తామే తెచ్చుకుని తింటున్నారు. తేనె తీసేవాడు ఒక రకం ఆకు నమిలి, రసం ఒంటికి పూసుకుని, పట్టు మీద ఉమ్మి ఈగలను తరిమి, చెక్కు చెదరకుండా దిగి వస్తాడు. ఆ తిండి, ఆ తిరుగుడు ఉన్నన్నాళ్లూ మనిషి గట్టిగా ఉంటాడు. రేషన్ కార్డు ఇచ్చి కూర్చోబెడితే బీపీ, షుగర్ మందులు కూడా నాలాంటివాడే ఇవ్వాల్సి వస్తుంది.

జరావాలకు ఇప్పుడున్న అసలు బెడద రోడ్డు. అండమాన్ ట్రంక్ రోడ్డు వాళ్ల రిజర్వును చీల్చుకుంటూ పోతుంది. తానే వేసిన షేఖర్ సింగ్ కమిషన్ సిఫారసు మీద సుప్రీంకోర్టు 2002 మేలో రిజర్వులోని భాగాన్ని మూసేయమంది. ఇప్పటికీ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. 2012 జనవరిలో జరావా ఆడవాళ్లతో తిండి ఆశ చూపించి డాన్స్ చేయించిన వీడియో బయటికొచ్చి ప్రపంచమంతా చూసింది. 2013 జనవరిలో కోర్టు ఆ దారిలో టూరిస్టులను ఆపితే, రెండు నెలలకే ఆ ఉత్తర్వు సడలింది. దీనికో కారణం ఉంది, అదీ చెప్పాలి. మధ్య, ఉత్తర అండమాన్‌లో వేలమంది సెటిలర్లున్నారు. కాన్పు కష్టమైన ఆడపిల్లను రాత్రికి రాత్రి పోర్ట్‌బ్లెయిర్ చేర్చాలంటే వాళ్లకు ఆ రోడ్డే దిక్కు. నేనే అంబులెన్సులో అలా వెళ్లినవాణ్ని. కాబట్టి రోడ్డు మూసేయాలి అని ఊరికే అనేస్తే సరిపోదు. అంబులెన్సు వెళ్లనీ, టూరిస్టు బస్సు మాత్రం ఓడ ఎక్కాలి, నా అభిప్రాయం అది.

రోడ్డు వెంట వచ్చేవాళ్ల కంటే క్రీకుల్లోంచి, అంటే సముద్రపు పాయల్లోంచి, దొంగతనంగా వచ్చేవాళ్లు ఇంకా ప్రమాదం. పీతలు, సముద్ర దోసకాయలనే జీవులు, జింక, పంది కోసం వచ్చి, సాయానికి బదులుగా జరావాలకు బియ్యం, పొగాకు, సారా ఇస్తారు. ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తిస్తున్నారని జరావాలే నోరు తెరిచి చెప్పిన సందర్భాలున్నాయి. బయటి దేశాల పడవలూ ఉన్నాయి, స్థానికులూ ఉన్నారు. ఏ భాష వాళ్లని అడక్కండి, అన్ని భాషల వాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు సెంటినెల్‌కు వద్దాం. పోర్ట్‌బ్లెయిర్‌కు పడమరగా 50 కిలోమీటర్ల దూరంలో, సుమారు 60 చదరపు కిలోమీటర్ల ద్వీపం. 2011 లెక్కల్లో 15 మంది అని ఉంటుంది. పడవలోంచి దూరంగా చూసి లెక్కపెట్టిన సంఖ్య అది, దాన్ని పట్టుకుని తెగ అంతరించిపోతోందని భయపడక్కర్లేదు. ప్రభుత్వం కూడా ఒకప్పుడు కొబ్బరికాయలు పట్టుకెళ్లేది. 1991 జనవరిలో మధుమాల ఛటోపాధ్యాయ అనే మానవశాస్త్రవేత్త ఉన్న బృందం చేతి నుంచి నీళ్లలోకి దిగి మరీ కాయలు అందుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ప్రభుత్వమే ఆ యాత్రలు మానేసింది. స్నేహం కుదిరితే తర్వాత ఏం చేస్తారో ఎవరి దగ్గరా జవాబు లేదు మరి. జరావాల అనుభవం కళ్లముందే ఉంది.

వాళ్లను ‘రాతియుగం మనుషులు’ అనడం మానేద్దాం. 1981లో ప్రిమ్‌రోజ్ అనే సరుకు ఓడ ఆ ద్వీపం పక్కన పగడపు దిబ్బల మీద ఇరుక్కుంది. ఆ ఇనుము విప్పుకుని బాణాల ములుకులు చేసుకున్నారు. 2004 సునామీ భూకంపానికి ద్వీపం పైకి లేచి, చేపలు పట్టుకునే పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడ్డాయి. ఎలా ఉన్నారో చూద్దామని కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ వెళ్తే ఒకడు బాణం ఎక్కుపెట్టి నిలబడ్డాడు. ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. అక్కర్లేదు, వెళ్లండి అని అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

చట్టం మాటకొస్తే 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ ఉంది, 2012లో దాన్ని గట్టిపరిచారు. ఫొటోల కోసం రిజర్వులో దూరితే మూడేళ్ల దాకా జైలు. సెంటినెల్ ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ల దాకా సముద్రం కూడా నిషిద్ధమే. దూరం నుంచి కన్నేసి ఉంచడం, చేయి పెట్టకపోవడం ప్రభుత్వ విధానం. అయినా 2006లో ఇద్దరు జాలర్లు దగ్గరగా వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2018 నవంబర్‌లో జాన్ అలెన్ చౌ అనే అమెరికన్ మతప్రచారకుడు జాలర్లకు డబ్బిచ్చి వెళ్లి చనిపోయాడు. 2025 మార్చిలో ఇంకో అమెరికన్ దిగి కొబ్బరికాయ, డైట్ కోక్ డబ్బా ఒడ్డున పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. అతను నవ్వులాటగా చేసి ఉండొచ్చు, నాకు మాత్రం ఆ డబ్బా మీద అతని చేయి, అతని జలుబే కనిపిస్తాయి. ఇలాంటివాళ్లు ఒడ్డు చేరేది స్థానికుల పడవల్లోనో, స్థానికుల కళ్లముందునుంచో. కాబట్టి జంగ్లీఘాట్ లాంటి రేవుల్లో జాలర్లతో కూర్చుని మాట్లాడటం, వాళ్లకు, వాళ్ల పిల్లలకు టీకాలన్నీ సక్రమంగా వేయించడం సెంటినెల్‌కు చేసే వైద్య సేవే. మా శాఖలో దీన్ని ఎవరూ అలా లెక్కేయరు, అది వేరే సంగతి.

‘జూలో జంతువుల్లా’ అన్నారు. జూకు టికెట్టు కొని వెళ్లి చూస్తాం. చూడనివ్వకపోవడమే ఇక్కడి పద్ధతి, రెండూ ఒకటెలా అవుతాయి? ‘వాళ్లలో ఏ బిడ్డో జ్వరంతో పోతుంటే?’ అంటే మాత్రం నాకూ గుండె బరువెక్కుతుంది. ఫార్మసీలో జీవితమంతా గడిపినవాణ్ని కదా. కానీ ఆ ఒక్క బిడ్డ కోసం మనం వెళ్లడం వల్ల ఒడ్డున ఉన్న మిగతా బిడ్డలందరికీ జ్వరం రావచ్చు, ఆ లెక్క ఎటు తేలుతుందో చరిత్ర చాలాసార్లు చూపించింది. బ్రెజిల్‌లో కూడా ఇలాగే, వెళ్లి కలిసి ఎన్నో తెగల్ని పోగొట్టుకున్నాకే 1987లో ‘మనంతట మనం కలవొద్దు, భూమికి హద్దు గీసి కాపలా కాద్దాం’ అనే పద్ధతికి వచ్చారు.

అడవి గురించి ఒక్క మాట. మనిషిని కాపాడి అడవిని కొట్టేయడం కుదరదు. దీనికిప్పుడు పెద్ద పరీక్ష గ్రేట్ నికోబార్‌లో నడుస్తోంది. అక్కడి షోంపెన్ తెగవాళ్లు 2011 లెక్కల్లో 229 మంది, ఎక్కువమంది బయటివాళ్లకు దూరంగానే ఉంటారు. గలాథియా బేలో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ ప్లాంట్ కలిపి 72,000 కోట్ల అంచనాతో మొదలుపెట్టిన ప్రాజెక్టు, దానికి 2022లో అనుమతులిచ్చారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. బదులుగా హర్యానాలో చెట్లు పెంచుతారట, షోంపెన్‌లు పంది వేటకు అక్కడికి వెళ్లాలి కాబోలు. దేశ రక్షణకు రేవు కావాలనే వాదనను నేను కొట్టిపారేయను. కానీ లక్షల మంది కొత్తగా వచ్చి స్థిరపడే టౌన్‌షిప్‌కు, రక్షణకు ఏం సంబంధమో నాకు ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. మీరు సెంటినెల్ గురించి బాధపడుతున్నారు, వాళ్లకు సముద్రం కోటగోడలా ఉంది. నన్నడిగితే ఈరోజు టెన్షన్ పడాల్సింది షోంపెన్‌ల గురించి.

ఇదంతా చదివి నల్లమల చెంచులను కూడా అలాగే ఉంచేయాలా అని అడక్కండి. చెంచులు సంతకొస్తారు, ఓటేస్తారు, పిల్లల్ని హాస్టల్‌కు పంపుతారు, ఏం కావాలో తెలుగులోనే చెప్తారు. వాళ్లకు ఆస్పత్రి, బడి, అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు అన్నీ కావాలి, అడిగినప్పుడు ఇవ్వకపోవడమే అన్యాయం. ఒకటి మాత్రం ఉమ్మడి: 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని చెంచులు ఎదురు తిరిగినప్పుడు అడిగిందీ తమ అడవి తమకు ఉండనివ్వమనే.

ఇక మీ డిసెంబర్ ట్రిప్. అవును, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి కాన్వాయ్‌లో వెళ్తే జరావాలు కనిపించొచ్చు. తెల్లారకముందే అక్కడ బండ్ల వరుస ఉంటుంది, డ్రైవర్లు ‘లక్ ఉంటే కనిపిస్తారు సార్’ అని ఊరిస్తారు. ఫొటో తీయొద్దు, ఆగొద్దు, తినడానికి ఏమీ విసరొద్దు అని పోలీసులు మైకులో చెప్తారు. ఒకసారి నా ముందున్న కారులో మన తెలుగు పెద్దాయన ఒకరు మనవడి చేతికి అరటిపళ్ల గెల ఇచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టడం చూశాను. దిగి వెళ్లి, బాబాయ్, ఆ గెల లోపల పెట్టేయండి, జైలుకెళ్తారు అన్నాను. పాపం ఆయనకు నిజంగానే తెలియదు, పుణ్యం అనుకున్నాడు.

నా సలహా: రోడ్డు మీద బారాటాంగ్ వెళ్లకండి. సున్నపురాయి గుహలు చూసి తీరాలంటే పోర్ట్‌బ్లెయిర్ నుంచి సముద్రం మీద వెళ్లే బోటు దొరుకుతుందేమో కనుక్కోండి. బురద అగ్నిపర్వతాలు, గుహలు డిగ్లీపూర్ వైపు కూడా ఉన్నాయి, అక్కడికి ఓడలో వెళ్లొచ్చు. ప్రభుత్వ ఓడ టికెట్లు డిసెంబర్‌లో త్వరగా అయిపోతాయి, తేదీలు ఖాయం కాగానే చూసుకోండి. పెద్దవాళ్లు ఉంటే సముద్రం మీద వాంతులకు మాత్రలు మీ ఊరినుంచే తెచ్చుకోండి, ఎక్కడానికి అరగంట ముందు వేయండి.